ఎం.బి.ఏ.కు ముందు ఏ డిగ్రీ?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే దౌల్తాబాద్ మండల గ్రామాలలో వినవచ్చే ప్రశ్న ఒకటున్నది: ‘పిల్లవానికి ఎం.బి.ఏ. చెప్పించాలంటే ముందు బి.కాం. చదివించాలా, ఇంజనీరింగు చదివించాలా?’ ఈ సందేహంతోనే అప్పుచేసి ఇంజనీరింగు ఫీజు కట్టే తల్లిదండ్రులున్నారు. కనుక ఈ విషయమును కొంత పరిశీలింపదలచినాము.

మన రాష్ట్రపు ఐసెట్ పరీక్షకు బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ., ఇంజనీరింగు అన్నీ సమానమే. డిగ్రీలో నూటికి 50 మార్కులు, రిజర్వేషను వర్గాలవారికి 45 మార్కులు ఉంటే చాలును. ఐ.ఐ.ఎం.ల క్యాట్ పరీక్షకు సైతం ఏ డిగ్రీ అయినా పనికివచ్చును. అయితే ఐసెట్‌లో ఒక మినహాయింపు ఉన్నది. దానిని గురించి అడిగేవారే అరుదు. ప్రాచ్యభాషల డిగ్రీ అందుకు అర్హత కాదు. బి.ఏ.లో ఉర్దూనో, తెలుగునో ఒక పాఠ్యాంశంగా చదివినవారికి అభ్యంతరం లేదు. ప్రాచ్యభాషా పట్టమే తీసుకొన్నవారికి మాత్రం తలుపు మూసి ఉన్నది. మన కళాశాల విద్యార్థులు ఈ భేదమును చేరకముందే గుర్తింపవలెను.

సత్య నాదెళ్ల ఇంజనీరు కాలేదా అని కొందరు వాదింతురు. నిజమే. కాని ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం చేస్తూనే చదివి, 1997లో షికాగోలో ఎం.బి.ఏ. పూర్తిచేసినారు. ఇంజనీరింగు ఆయనకు జీవనవృత్తి, కేవలం మెట్టు కాదు. 2006లో పెప్సీకో అధినేత్రి అయిన ఇంద్రా నూయి మద్రాసులో బి.ఎస్సీ. చదివి కలకత్తా ఐ.ఐ.ఎం.లో చేరినారు.

మరి ఏది ఎంచుకోవలెను? ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 75 విశ్లేషణ, 75 గణితం, 50 భాషా సామర్థ్యం. గణితంలో ఎక్కువ భాగం పాఠశాలలో నేర్చినదే, బి.ఏ. విద్యార్థి భయపడనక్కరలేదు, అభ్యాసం మానరాదు. జమాఖర్చుల పరిచయం వలన బి.కాం. వారికి ఎం.బి.ఏ. తొలినాళ్లలో కొంత సుఖమే, కాని ఆ సౌకర్యం కొన్ని నెలలదే. ఇష్టంలేని పాఠ్యాంశంలో మూడేళ్లు ఈడ్చి 48 మార్కులతో బయటపడినవానికి, రిజర్వేషను లేనిచో, ఏ డిగ్రీ అయినా ఒకటే. ఇంటర్వ్యూలో తొలి ప్రశ్నలు డిగ్రీ పాఠ్యాంశముపైననే ఉండును. ప్రక్కింటి అబ్బాయి తీసుకొన్నాడని తీసుకొన్నవాడు అక్కడ ఏమి చెప్పగలడు?

దోస్త్‌లో ఐచ్ఛికాలు నమోదుచేయుటకు ముందు ఇంటర్ మార్కుల పత్రం ఎదుట పెట్టుకొని అధ్యాపకుని సంప్రదింపుడు. రాబోవు పట్టముపై ఏ పేరు ముద్రింపబడునో కూడ అప్పుడే అడుగుడు.