ఇంజన్ దించే ముందు ఆ వాల్వు చూడు

ఆటోనగర్, విజయవాడ

అల్లుడూ,

నిన్న రాత్రి నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. తెనాలిలో షెడ్డు తెరిచి మూడు నెలలు కాలేదు, అప్పుడే మాస్టారి కారు ఇంజన్ దించుతానంటున్నావు. టాపెట్ కవర్ ప్యాకింగు రెండుసార్లు మార్చావు, మళ్లీ చెమ్మ. క్రాంక్ ఆయిల్ సీలు మార్చావు, నెల తిరక్కుండా మళ్లీ కారుతోంది. "రింగులు పోయుంటాయి మామయ్యా, బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది" అన్నావు. కొడుతుండొచ్చు. కానీ పీసీవీ వాల్వు చూశావా అని అడిగితే నీ నోటెంట మాట రాలేదు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

ఎంత కొత్త ఇంజనైనా రింగుల పక్కనుంచి కాస్త గ్యాసు కింద చాంబరులోకి జారుతూనే ఉంటుంది. అందులో కాలని పెట్రోలు ఆవిరి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. దానికి బయటికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ ఆయిల్ని తోసేస్తుంది. ప్యాకింగులూ ఆయిల్ సీళ్లే కదా మెత్తనివి. నువ్వు మార్చిన సీలు మంచిదే అయ్యుంటుంది, దాని వెనకున్న ఒత్తిడి పోలేదంతే. పాత లారీల కింద ఒక గొట్టం వేలాడుతూ దారంతా నల్లచుక్కలు రాల్చేది, గుర్తుందా? అప్పట్లో ఆ గ్యాసుని అలా గాల్లోకే వదిలేవాళ్లు. లాస్ ఏంజిలిస్ ఊరిని పొగ కమ్మేశాక, కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి 1961 మోడళ్ల నుంచి దాన్ని మళ్లీ ఇంజన్‌కే తాగించే ఏర్పాటు పెట్టారు. అదే ఇవాళ మన చేతికొచ్చే ప్రతి పెట్రోలు కారులోనూ ఉంది. ఆ గ్యాసు దారిని అదుపు చేసేదే పీసీవీ వాల్వు.

వాల్వు లోపల ఏముందో చూసి తెలుసుకోవాలంటే పాతదొకటి హాక్సా బ్లేడుతో కోసి చూడు. చిటికెన వేలంత ముక్క లోపల ఒక స్ప్రింగు, దానిమీద కదిలే చిన్న ముల్లు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ గట్టిగా లాగుతుంది కాబట్టి ముల్లు ముందుకొచ్చి దారి సన్నం చేస్తుంది. యాక్సిలేటర్ తొక్కితే లాగుడు తగ్గి, స్ప్రింగు ముల్లుని వెనక్కి నెట్టి దారి పెద్దది చేస్తుంది. బ్యాక్‌ఫైర్ కొడితే పూర్తిగా మూసుకుని మంట ఆయిల్ చాంబరులోకి పోకుండా ఆపుతుంది. మూసుకుపోయిన దాన్ని కోస్తే ఆ ముల్లు కనపడదు, తారులాంటి ముద్ద కనపడుతుంది. నేను ఒకటి కోసి బల్ల సొరుగులో పెట్టుకున్నాను. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ అదే చూపిస్తాను.

దాచుకోవడానికి కారణముంది. పాతికేళ్ల కిందట ఒక ట్యాక్సీ ఆయన కారుకి నేనూ నీలాగే చేశాను. నీలం పొగ, ఆయిల్ తాగుడు, సీళ్ల దగ్గర కారుడు. చూడగానే రింగులన్నాను. ఇంజన్ దించి, రింగులు వేసి, ఎక్కించి ఇచ్చేసరికి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ ఆయనకి కిరాయి లేదు. రోజూ సాయంత్రం వచ్చి, ఏమీ అడక్కుండా కాసేపు నిలబడి వెళ్లేవాడు. బండి ఇచ్చిన రెండు వారాలకే మళ్లీ కారడం మొదలైంది. అప్పుడు మా మేస్త్రీ వచ్చి, ఒక్క మాట అనకుండా వాల్వు పైపు పీకి నా చేతిలో పెట్టాడు. ఊదితే గాలి పోలేదు. కూలి డబ్బులు తిరిగిచ్చేశాను. పోయిన పదిహేను రోజుల కిరాయి ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

ఇక వెతకడం. బానెట్ ఎత్తగానే వాల్వు కోసం చూడకు, పైపులు చూడు. టాపెట్ కవర్ దగ్గర రెండు పైపులుంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ నుంచి త్రాటిల్‌కి పోయే గొట్టంలో కలుస్తుంది. అది మంచిగాలి లోపలికొచ్చే బ్రీథర్. రెండోది త్రాటిల్ దాటాక మానిఫోల్డ్‌లోకి పోతుంది. వాల్వు ఉండేది ఆ దారిలోనే. చాలా కార్లలో కవర్ మీద రబ్బరు బుష్‌లో నొక్కి ఉంటుంది. పాత కొరోల్లాలో అయితే కవర్‌కి మరతో బిగించి ఉంటుంది, స్పానర్ పెట్టాలి. కే సిరీస్ ఇంజనున్న హోండా సీఆర్‌వీలో పైన ఎంత వెతికినా దొరకదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద బ్లాకు వైపు ఉంటుంది. కొన్ని టర్బో బళ్లలో విడిగా వాల్వే ఉండదు, కవర్‌లోనే రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే ఈలలాంటి చప్పుడొస్తుంది.

మాస్టారి కారు స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వు. ఐడ్లింగ్‌లో వాల్వుని బుష్‌లోంచి ఊడదీసి కొసన వేలు పెట్టు. వేలు చప్పున పట్టేయాలి, లోపల టక్కుమని ముల్లు తగలాలి. వేలు పట్టకపోతే వాల్వో, పైపో, మానిఫోల్డ్ రంధ్రమో పూడిపోయింది. మళ్లీ బిగించి, బ్రీథర్ పైపు తీసి కవర్ వైపు రంధ్రం మీద పల్చటి కాగితం ఉంచు. కాసేపటికి కాగితం అతుక్కుంటే లోపల ఒత్తిడి లేనట్టే. ఎగిరిపోతుంటే నువ్వు మార్చిన సీళ్లన్నీ దండగే. చాలామంది వాల్వుని చెవి దగ్గర ఊపి గలగలమంటే బాగుందంటారు. ఆ ఒక్క చప్పుడు నమ్మకు. స్ప్రింగు నీరసించినదీ గలగలమంటుంది. వాల్వు తెరుచుకునే ఉండిపోతే ఐడ్లింగ్ నిలవదు, ఆయిల్ మానిఫోల్డ్‌లోకి పోయి నీలం పొగ వస్తుంది. అప్పుడు కూడా రింగుల మీదికే పోతుంది మన చూపు.

ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి పూత ఉందన్నావు. మాస్టారు బడికి రెండు కిలోమీటర్లు పోయి వస్తారు, అంతే. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు, నీటి ఆవిరి లోపలే నిలిచిపోతుంది. అయినా ముందు కూలెంట్ తగ్గుతోందేమో చూడు. డిప్ స్టిక్ మీద కూడా అదే మీగడుంటే అది హెడ్ ప్యాకింగు సంగతి కావచ్చు, వాల్వుది కాకపోవచ్చు.

వాల్వుని కడిగి మళ్లీ పెట్టకు. కొత్తది ఖరీదేమీ కాదు, అదే ఇంజన్‌కి రాసినది తెప్పించు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి రంధ్రం కొలత వేరు, ఐడ్లింగ్ తేడా వస్తుంది. బుష్ కూడా మార్చు. పైపు వంపు దగ్గర నొక్కి చూడు, గట్టిపడి పగులుంటే తీసేయ్. నీళ్ల పైపు ముక్క అస్సలు వెయ్యకు. ఆయిల్ తగిలి ఉబ్బుతుంది, లాగుడికి లోపలికి నొక్కుకుపోతుంది. మానిఫోల్డ్ రంధ్రం ఇంజన్ చల్లారాకే క్లీనర్‌తో కడుగు. పైపు పీకి సీసాలోకి వదిలే పని నీ షెడ్డులో జరక్కూడదు. ఆ గ్యాసు వాసన పీల్చేది ముందు నువ్వూ నీ కుర్రాళ్లే.

ఇంత చేసినా కాగితం ఎగురుతూనే ఉంటే అప్పుడు కంప్రెషన్ కొలువు. అంకెలు రాసిపెట్టు. రింగులే పోయాయని తేలితే మాస్టారికి ఆ అంకెలు చూపించి చెప్పు, ఇంజన్ దించు. నేను వద్దనను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తున్నాను. నా గేజీ తెస్తాను. అంతవరకూ ఇంజన్ మౌంటింగు బోల్టు ఒక్కటి కూడా వదులు చెయ్యకు. పాత వాల్వు తీస్తే పారేయకు, కోసి చూద్దాం. అమ్మకి చెప్పు, మధ్యాహ్నం భోజనానికి ఉంటాను.

మీ మామయ్య