రిపోర్టు చూసి విశ్వాసాన్ని కొలవొద్దు

స్కాన్ రిపోర్టు బాగుంటే ‘దేవునికి స్తోత్రం’. బాగా లేకపోతే ‘నా ప్రార్థనలో ఏం లోపం జరిగింది?’ దీర్ఘకాలం జబ్బుతో పోరాడే విశ్వాసులు చాలామంది నెలనెలా ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. క్రియాటినిన్ కాస్త తగ్గితే నమ్మకం పొంగుతుంది, కాస్త పెరిగితే జారిపోతుంది. ల్యాబ్ కాగితం కొలిచేది రక్తాన్ని. విశ్వాసాన్ని కొలిచే పని కూడా దానికే అప్పగిస్తే మనసుకు నిలకడ ఎక్కడిది? స్వస్థత కోసం ఎదురుచూసే రోజుల్లో విశ్వాసం నిలబడాలంటే కొన్ని అలవాట్లు పట్టుకోవాలి, కొన్ని వదిలించుకోవాలి.

సందేహాన్ని దాచకండి

మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి మూర్ఛలతో అల్లాడుతున్న కొడుకును తీసుకొస్తాడు. శిష్యుల వల్ల కాలేదు. చివరికి యేసు ముందు నిలబడి, తనకు నమ్మకం ఉందని చెబుతూనే, చాలని నమ్మకానికి సాయం చేయమని వేడుకుంటాడు. ముందు సందేహం తీర్చుకుని రమ్మని యేసు ఆయన్ని తిప్పి పంపలేదు, పిల్లాడిని బాగుచేశాడు. బాప్తిస్మమిచ్చు యోహాను అంతటివాడికే చెరసాలలో అనుమానం వచ్చింది, శిష్యులను పంపి యేసునే అడిగించాడు. ఆ సంగతి విన్నాక కూడా యేసు జనం ముందు యోహానును గొప్పచేసే మాట్లాడాడు.

150 కీర్తనల్లో మొరలు, మూలుగులు, ‘ఎన్నాళ్లు’ అనే నిలదీతలు ఎన్నో. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది. దాన్నీ ప్రార్థనగానే గ్రంథంలో ఉంచారు. కాబట్టి నమ్మబుద్ధి కాని రోజున ఆ మాటే దేవునితో చెప్పండి. మనుషుల్లో ఒక్కరితో చెప్పండి. అయితే ఆ ఒక్కరిని చూసి ఎంచుకోండి. మీ బాధను ‘ప్రార్థన మనవి’ చేసి సాయంత్రానికల్లా నాలుగు వాట్సాప్ గ్రూపులు తిప్పేవాళ్లు పనికిరారు.

ఫోన్ పక్క గదిలో పెట్టి మోకరించండి

ఉదయం ఐదింటికి లేస్తారు. వాక్యం చదువుదామనే ఫోన్ తీస్తారు. బైబిల్ యాప్ తెరిచేలోపు ఎవరిదో లైవ్ ప్రార్థన నోటిఫికేషన్. ‘నమ్మినవాళ్లు ఆమెన్ అని టైప్ చేయండి’ అంటారు, చేస్తారు. దాని కిందే సరిగ్గా మీ జబ్బు పేరుతో, మూడు రోజుల్లో మాయమైందంటూ ఇంకో వీడియో. ఆ తర్వాత అదే జబ్బు ఎంత ప్రమాదమో చెప్పే డాక్టరుగారి వీడియో. తల ఎత్తేసరికి ఆరున్నర, కుక్కర్ పెట్టే టైమ్. గంటన్నరలో పదిమంది మాటలు విన్నారు, వాక్యం ఒక్కటీ చదవలేదు. లేచినప్పటికంటే గుబులు ఎక్కువైంది.

అచ్చు బైబిలే చేతిలోకి తీసుకోండి. నిద్ర లేపడానికి అలారం గడియారం కొనుక్కోండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. ఉన్నవి 16 అధ్యాయాలే, స్వస్థతల సంగతులు నిండుగా ఉంటాయి. రోజుకొకటి చాలు. మనసు పరుగెడుతుంటే పైకి చదవండి. గంటలకొద్దీ ప్రార్థించే ఓపిక రోగికి ఉండదు, శ్రద్ధగా పది నిమిషాలు చేసినా చాలు. మధ్యలో కునుకు పడితే అపరాధభావంతో కుమిలిపోకండి. గెత్సేమనేలో పేతురు, యాకోబు, యోహాను కూడా నిద్రపోయారు. యేసు లేపి మెలకువగా ఉండమన్నాడే గానీ శిష్యుల లెక్కలోంచి వాళ్లను కొట్టేయలేదు.

మాత్ర వేసుకుంటే నమ్మకం తక్కువైనట్టు కాదు

హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద కట్టమని కూడా చెప్పాడు. వాగ్దానం, వైద్యం రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు.

మన ప్రాంతం సంగతే చూడండి. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ డాక్టరు. ఆమె శ్రమతో 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. తెలుగు రోగులు ఫైళ్లు పట్టుకుని రైలెక్కే వేలూరు సీఎంసీ, 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి క్రైస్తవ మిషన్లు కలిసి నడిపినదే. వీళ్లంతా ప్రార్థించేవాళ్లే. ప్రార్థించారు కాబట్టే ఆస్పత్రులు కట్టారు.

అందుకే ‘నమ్మకముంటే మాత్రలు పారేయండి’ అని ఎవరన్నా, వాళ్ల పేరుప్రతిష్ఠలు ఎంతటివైనా, అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. మూర్ఛల మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్, డయాలసిస్ మానినా అంతే ప్రమాదం. స్వస్థత వచ్చిందనిపిస్తే పరీక్ష చేయించుకోండి. మందు తగ్గించాలో ఆపాలో డాక్టరునే చెప్పనివ్వండి. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

ఇతరుల సాక్ష్యంతో పోల్చుకోకండి

ఆదివారం ఆరాధనలో ఒకరు లేచి నలభై రోజుల ఉపవాసంతో గడ్డ కరిగిపోయిందని సాక్ష్యం చెబుతారు. మీరూ ఉపవాసం ఉన్నారు, మీ గడ్డ కరగలేదు. చప్పట్ల మధ్య మీ గుండె మాత్రం కుంగిపోతుంది. అక్కడ రెండు సంగతులు గుర్తుచేసుకోండి. ఒకటి, సాక్ష్యాలను పరీక్షించే సంప్రదాయం సంఘంలోనే ఉంది. ఏటా ఫిబ్రవరిలో గుణదలలో జరిగేది లూర్దుమాత ఉత్సవం. ఆ లూర్దు ఫ్రాన్సులో ఉంది. అక్కడ నయమైందని చెప్పేవాళ్లను వైద్యులు పరిశీలించే కార్యాలయం 1883 నుంచీ నడుస్తోంది. దాని ముందుకు వేల సంగతులు వచ్చినా, అద్భుతాలుగా కథోలిక శ్రీసభ ప్రకటించినవి వంద లోపే.

రెండోది, ఎందరినో స్వస్థపరచిన పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి రావలసి వచ్చింది. వాళ్ల విశ్వాసం తక్కువని ఎవరంటారు?

‘ఏదో పాపం దాచావేమో’ అనే సలహాదారులు ఎలాగూ వస్తారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులూ అదే అడిగారు. వాడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని యేసు తేల్చేశాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదొక్కటే. నోరు తెరిచాక మాట్లాడినదానికి చివర్లో దేవుని చేత చీవాట్లు తిన్నారు.

అలసటకు అవిశ్వాసమని పేరు పెట్టకండి

ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ పెట్టించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. కీమోథెరపీ తర్వాత ప్రార్థన రాకపోవడం శరీరం అడుగంటడం వల్ల కావచ్చు. రాత్రులు మేలుకుని సేవ చేసే ఇంటివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ముందు తినండి, పడుకోండి. షుగరు ఉన్నవాళ్లు, చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం పట్టకండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అన్నాళ్లు ఆగకండి. టెలీమానస్ ఉచిత నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఆలస్యమైతే ఆపేయకండి

మామూలు క్షయకు సాధారణంగా 6 నెలలు మాత్రలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు కూడుకుంటుంది. మాత్రలు మానేసేవాళ్లు ఎక్కువగా అక్కడే మానేస్తారు, జబ్బు తిరగబడుతుంది. ప్రార్థనకూ ఆ మందు నియమమే పెట్టుకోండి. బాగున్న రోజూ అదే వేళకు, బాగోలేని రోజూ అదే వేళకు. మేలు కనబడగానే సడలించవద్దు, కనబడలేదని మానవద్దు.

యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంటే యేసు దారిలో వేరే రోగి కోసం ఆగాడు. ఆ కాసేపట్లోనే పాప చనిపోయిందన్న కబురు వచ్చింది. యాయీరు అక్కణ్నుంచే ఒంటరిగా ఇంటికి తిరిగిపోలేదు, యేసుతో కలిసే నడిచాడు. బేత్సయిదాలో గుడ్డివాడికైతే మొదట మసకగానే కనిపించింది. యేసు రెండోసారి చేతులుంచాకే చూపు తేటపడింది.

నలుగురిని అడగండి

కపెర్నహూములో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు. జనం అడ్డమైతే ఇంటికప్పు విప్పి పరుపుతో సహా దించారు. యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని అని సువార్త చెబుతోంది. కాబట్టి నమ్మే ఓపిక కూడా లేని రోజున ఒంటరిగా నెగ్గుకురావాలని పంతం పట్టకండి. ఒకరిని ఆస్పత్రికి తోడు రమ్మనండి, ఒకరిని మందులు తెమ్మనండి, ఇంకొకరిని పక్కన కూర్చుని ఒక కీర్తన చదవమనండి. పాస్టరు గారికి మొహమాటం లేకుండా కబురు చేయండి. మీకు ఆరోగ్యం ఉంటే ఈ వారమే ఒక రోగి ఇంటికి వెళ్లండి. సలహాలు ఇంటి దగ్గరే వదిలేసి, ఖాళీ చేతులతో కాకుండా క్యారేజీతో వెళ్లండి. సంఘం ఉన్నదే అందుకు.