సువార్త పని ఎవరిది? ఎలా చేయాలి?

చిరంజీవి అబ్బాయికి,


సకల జనులను శిష్యులుగా చేసి, బాప్తిస్మమిచ్చి, బోధించాలన్న యేసు ఆజ్ఞ మత్తయి సువార్త 28వ అధ్యాయం చివర ఉంది. ఈ బాధ్యత పాదిరులతో పాటు సంఘంలోని ప్రతి విశ్వాసికీ చెందుతుంది. తెలుగునాట సంఘం పెరిగింది కూడా మామూలు మనుషుల నోటి మాటతోనే.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య అప్పటికే విశ్వాసంలోకి వచ్చి, తనవాళ్ళకు ఆ సంగతి చెబుతున్నాడు. ఆయన పిలుపు మీద క్లౌ పల్లెకు వెళ్ళేసరికి వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు. దొరకు తెలియని బంధుత్వాలు, ఊళ్ళ దారులు పేరయ్యకు తెలుసు.

1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని ఆగినప్పుడు కూలీలకు సువార్త చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవారు ఎందరున్నా, సహాయం సాగినంత కాలం క్లౌ ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సహాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలోకి దిగి ఇచ్చారు. అయినా నింద పూర్తిగా తప్పలేదు. అవసరంలో ఉన్నవారికి చేసే సాయానికి, విశ్వాసానికి మధ్య ఎడం ఎంత స్పష్టంగా ఉంచాలో ఈ ఉదంతం చెబుతుంది.

తర్వాతి తరంలో వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తమిళుడైనా తెలుగు నేర్చుకున్నారు. కొత్తగా చేరిన పల్లె విశ్వాసులే పొరుగువారికి సాక్షులు కావాలని నేర్పారు.

నేటి భారతదేశంలో ఈ పనికి చట్టపు హద్దులున్నాయి. రాజ్యాంగం 25వ అధికరణం ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మత ప్రచార స్వేచ్ఛ ఇచ్చింది. ఒకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ప్రకారం తిరుమల వంటి నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల్లో ఇతర మత ప్రచారం నిషిద్ధం. సంఘాలు తమకు తామే పెట్టుకున్న హద్దులూ ఉన్నాయి. కాథలిక్, ప్రొటెస్టెంట్ ప్రపంచ సంస్థలు 2011లో కలిసి విడుదల చేసిన ప్రకటన మోసాన్ని, ప్రలోభాన్ని, బలవంతాన్ని తోసిపుచ్చింది.

ఆచరణలో ఇదంతా కొన్ని పద్ధతులుగా తేలుతుంది. అడిగినవారికి సాత్వికంతో జవాబివ్వాలి. ఇతరుల దేవుళ్ళను దూషించకూడదు. కూటాల మైకుకు అనుమతి తీసుకోవాలి. స్వస్థత జరుగుతుందని ఆశపెట్టి మందులు మాన్పించకూడదు. రేషను, ఫీజులు, వైద్యం వంటి సాయం చేస్తే మతం చూడకుండా చేయాలి. వాట్సాప్‌లో పంపే సాక్ష్యం నిజమో కాదో ముందుగా నిర్ధారించుకోవాలి. బాప్తిస్మం కోరినవారికి తొందరపెట్టకుండా వాక్యం నేర్పాలి, వద్దన్నవారితో స్నేహం మునుపటిలాగే సాగాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న