చెడు అలవాట్లను పాదం పాదంగా విడవండి

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మన పెద్దలు అంటూ ఉంటారు. ఈ మాటను చాయ్‌కీ, బీడీకీ, కల్లుకీ, అర్ధరాత్రి దాకా మేలుకోవడానికీ కూడా అన్వయించుకొని చాలామంది నిట్టూర్చి ఊరుకుంటారు. కాని ఇవేవీ పుట్టుకతో వచ్చినవి కావు. నడుమ వచ్చి చేరినవి. నడుమ వచ్చినవాటిని నడుమనే సాగనంపవచ్చు. సాగనంపే క్రమం తెలియకపోవడమే అసలు చిక్కు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ముస్తాబాద్‌లో గాని, దానికి ఉత్తరాన ఉన్న జగిత్యాల, కోరుట్ల పట్టణాలలో గాని ఏటా కనిపించే ఒక దృశ్యాన్ని గమనించండి. కొండగట్టు ఆంజనేయస్వామి పేరున కొందరు, శబరిమల అయ్యప్ప పేరున కొందరు మాల ధరిస్తారు. ఒక మండలం, అనగా 41 రోజులు దీక్ష. ఇరవై ఏళ్లుగా బీడీ లేనిదే తెల్లవారని మనిషి ఆ 41 రోజులు బీడీ ముట్టడు. సాయంత్రం కాగానే కల్లు దుకాణం వైపు నడిచే కాళ్లు గుడి వైపు నడుస్తాయి. వేకువనే చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. ఇంటివారంతా ఆశ్చర్యపడతారు. మరి నలభై రెండవ రోజున ఏమవుతున్నది? మాల తీసిన సాయంత్రానికే చాలామంది చేతిలో బీడీ మళ్లీ వెలుగుతున్నది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది: అలవాటు విడిచే శక్తి ఆ మనిషిలో ఉన్నది. 41 రోజులు నిలిచినవాడు అశక్తుడు కాడు. రెండవది: విడవడం వేరు, విడిచిన చోటును శాశ్వతంగా మరొకదానితో నింపడం వేరు. దీక్షలో వేళలు మారాయి, తోడు మారింది, తిండి మారింది, ఇంటివారు పిలిచే పిలుపు సైతం "స్వామీ" అని మారింది. మాలతో పాటు ఇవన్నీ తొలగిపోయాయి. ఖాళీ అయిన చోటికి పాత అలవాటే తిరిగి వచ్చింది.

శాస్త్రం చెప్పే క్రమం

ఈ సమస్యను మన ప్రాచీన వైద్యులు సూక్ష్మంగా పరిశీలించారు. శరీరానికి ఇమిడేదానిని ఆయుర్వేదం "సాత్మ్యం" అంటుంది. స్వభావం చేత హితం కాకపోయినా, దీర్ఘకాలం వాడగా శరీరం సర్దుకొని ఓర్చుకొనేదానిని "ఓకసాత్మ్యం" అంటుంది. శరీరం ఒకదానికి సర్దుకొన్నదంటే అది మేలు చేస్తున్నదని అర్థం కాదు. అది హఠాత్తుగా లేకుండా పోతే శరీరం తడబడుతుందని మాత్రమే అర్థం.

అందువల్లనే చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం అహితమైన అలవాటును భాగాలుగా విడవమనీ, హితమైనదానిని అదే క్రమంలో భాగాలుగా చేర్చమనీ బోధిస్తుంది. దీనికే "పాదాంశిక క్రమం" అని పేరు. పాదం అంటే నాలుగవ వంతు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో పాదం గాని, పాదంలో పాదం గాని, అనగా పదహారవ వంతు గాని తగ్గించవచ్చునని మరింత సౌలభ్యం కల్పించాడు. చిరకాలపు అలవాటును ఒక్కుమ్మడిగా విడిచినా, కొత్తదానిని ఒక్కుమ్మడిగా పట్టినా రోగాలు కలుగుతాయని ఆయన హెచ్చరిక. క్రమంగా పోయిన దోషం తిరిగి తలెత్తదనీ, క్రమంగా చేరిన గుణం చలించదనీ చరకుని అభిప్రాయం. మన నలభై రెండవ రోజు సమస్యకు సమాధానం ఇక్కడే ఉన్నది.

ఎక్కడ తప్పుతున్నాం?

తెలిసి తెలిసి చేసే తప్పును చరకుడు "ప్రజ్ఞాపరాధం" అన్నాడు. ఇది ధీ, ధృతి, స్మృతి అనే మూడింటి లోపం వల్ల కలుగుతుంది. తన అలవాటు వీటిలో ఏ లోపం మీద నిలిచి ఉన్నదో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

ధీ అంటే మంచిచెడ్డలను విడదీసే బుద్ధి. "బీడీ ఆకుతో చుట్టినది, సిగరెట్టు కంటే తేలిక" అనుకోవడం ధీలోపం. బీడీ ఏ విధంగానూ తేలిక కాదు. దీనికి మందు సరైన జ్ఞానం.

ధృతి అంటే మనస్సును నిలిపి ఉంచే బలం. చెడు అని తెలుసు, అయినా చేయి ఆగదు. దీనికి మందు ఒట్లు పెట్టుకోవడం కాదు. చేయి చాచిన చోట ఆ వస్తువు లేకుండా చూసుకోవడం.

స్మృతి అంటే అనుభవించినదానిని గుర్తుంచుకోవడం. నిరుడు దగ్గుతో నెల్లాళ్లు బాధపడిన సంగతి ఈ ఏడు మరచిపోవడం స్మృతిలోపం. దీనికి మందు రాసి పెట్టుకోవడం. ఏ రోజు ఎంత తగ్గించారో, ఒంట్లో ఎట్లా ఉన్నదో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మొదటి అభ్యాసం: చాయ్

పెద్ద అలవాటును విడవడానికి ముందు చిన్నదానితో చేయి తిప్పుకోవడం మంచిది. రోజుకు నాలుగు కప్పుల చాయ్ తాగే గృహిణిని ఉదాహరణగా తీసుకుందాం. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున ఎనిమిది చెంచాలు, సుమారు 32 గ్రాములు. పెద్దవారికి రోజు మొత్తంలో విడిగా కలుపుకొనే చక్కెర 25 గ్రాములకు లోబడి ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అంటే చాయ్‌తోనే ఆ హద్దు దాటిపోతున్నది. భోజనంతో గాని, భోజనం కాగానే గాని చాయ్ తాగితే తిన్న ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న స్త్రీలు దీనిని ముఖ్యంగా గమనించాలి.

మొదటి రోజు: రాత్రి చాయ్ మానండి. నిద్రకు అడ్డుపడేది అదే. దాని స్థానంలో గోరువెచ్చని పాలు గాని, సోంపు వేసి మరిగించిన నీరు గాని తాగండి. మిగిలినవి మూడు.

రెండు, మూడు రోజులు: పదకొండు గంటల చాయ్ కూడా మానండి. దానికి బదులు జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి కలిపిన పల్చని మజ్జిగ. మిగిలినవి రెండు.

నాలుగు, ఐదు, ఆరు రోజులు: సాయంత్రపు చాయ్‌కి బదులు ధనియాల కషాయం. రెండు గ్లాసుల నీటిలో చెంచాడు ధనియాలు, పావు చెంచా జీలకర్ర నలగ్గొట్టి వేసి, గ్లాసున్నర అయ్యేదాకా మరిగించి వడగట్టాలి. మిగిలినది ఉదయపు చాయ్ ఒక్కటే.

ఏడవ రోజు: ఉదయం జొన్న అంబలి గాని, రాగి అంబలి గాని తాగండి. పూర్తిగా మానడం ఇష్టం లేనివారు ఆ ఒక్క కప్పును అరచెంచా చక్కెరతో నిలుపుకోవచ్చు.

చాయ్ తగ్గించిన 12 నుండి 24 గంటలలో కొందరికి తలనొప్పి, చిరాకు, మగత కలుగుతాయి. కొద్ది రోజులలో అవే తగ్గుతాయి. ఇది రోగం కాదు, శరీరం కొత్త దారికి మళ్లుతున్న గుర్తు. ఇవి ఎక్కువగా ఉంటే ఒక్కొక్క మెట్టును వారం రోజులకు పొడిగించండి. పదహారవ వంతు సూత్రం ఇటువంటివారి కొరకే.

పొగాకు సంగతి

ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతాలలో బీడీ కేవలం తాగే వస్తువు కాదు, ఎన్నో ఇళ్లలో అన్నం పెట్టే పని కూడా. తునికాకు, తంబాకు ముందు పెట్టుకొని స్త్రీలు రోజంతా చుడతారు. తాగకపోయినా తంబాకు దుమ్ము ముక్కులోకి, చర్మంలోకి పోతూనే ఉంటుంది. పని విడవడం అందరికీ సాధ్యం కాదు. కాని కొన్ని నియమాలు సాధ్యమే. వంటింట్లో, పడక గదిలో తంబాకు ఉంచరాదు. గాలి ఆడే వసారాలో కూర్చొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని చుట్టాలి. చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చుకొని గాని పసిపిల్లలకు పాలివ్వరాదు. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండడం శ్రేయస్కరం. పిల్లల చేత చుట్టించరాదు.

ఇక తాగేవారికి, నమిలేవారికి ఒక మాట. పొగాకును పాదం పాదంగానూ విడవవచ్చు, ఒక తేదీ నిర్ణయించుకొని ఒకేసారి కూడా విడవవచ్చు. ఒకేసారి మానితే చిరాకు, నిద్రలేమి, ఆకలి పెరగడం వంటివి మొదటి కొన్ని రోజులు గట్టిగా ఉండి, రెండు నుండి నాలుగు వారాలలో తగ్గుతాయి. ప్రాణభయం లేదు. అందుచేత మాల వేసుకొన్న రోజునే ఆ తేదీగా ఎంచుకోవడం చక్కని ఆలోచన. మాల తీసే రోజుకు అసలైన ఒంటి బాధ దాటిపోయి ఉంటుంది. మిగిలేది పాత చోటు, పాత తోడు గుర్తుకు తెచ్చే కోరిక మాత్రమే.

ఆ కోరిక అలవలె వచ్చి కొద్ది నిమిషాలలో పోతుంది. ఆ నిమిషాల కొరకు జేబులో సోంపు, లవంగం, ఉప్పు అద్ది ఎండబెట్టిన ఉసిరి ముక్కలు ఉంచుకోండి. గ్లాసెడు నీళ్లు తాగండి. నాలుగడుగులు నడవండి. గుట్కా మాని వక్క నమలడం మాత్రం మేలు కాదు. పొగాకు లేని వక్క కూడా నోటి క్యాన్సర్‌కు కారణమని రుజువైనది. నోటిలో తెల్ల మచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే ఇంటి చిట్కాలతో కాలం గడపక వెంటనే వైద్యునికి చూపించండి.

పొగ మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు, తాగుతూ ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ ఒక్క సంగతిని స్మృతిలో ఉంచుకొన్నా చాలును.

కల్లు: ఇక్కడ తొందర ప్రమాదం

ఈ వ్యాసంలో అన్నింటికంటే జాగ్రత్తగా చదవవలసిన భాగమిది. తాటి, ఈత చెట్ల నుండి దిగే కల్లు వేరు. చెట్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తు మందులు కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో వణుకు, మూర్ఛలు, పిచ్చి చూపులు, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కల్లు తాగి కాదు, తాగకుండా హఠాత్తుగా ఆగినందువల్ల. తాగినా భద్రత లేదని 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగిన కల్తీ కల్లు మరణాలు మళ్లీ చూపాయి.

సారాయి, బ్రాందీ వంటివి ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారికి కూడా ఇదే ప్రమాదం ఉన్నది. చివరిసారి తాగిన కొద్ది గంటలకే చేతుల వణుకు, చెమటలు మొదలు కావచ్చు. రెండు రోజులలోపు మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. ఇటువంటప్పుడు మజ్జిగ, నిమ్మరసం, కషాయం ఏవీ పనిచేయవు. నిమ్మకాయ పులుపుతో నిషా విరుగుతుందని నమ్మి ఇంట్లో ఉంచుకోరాదు.

కాబట్టి రోజూ కల్లు గాని, మద్యం గాని తాగేవారు మాల వేయదలచినప్పుడు దానికి ముందుగానే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని కలవాలి. వైద్యుడు మత్తును శరీరం ఓర్చుకొనేటంతగా మందులతో మెట్టు మెట్టుగా దింపుతాడు. కొలత తెలిసిన వైద్యుని చేతిలో జరిగే పాదాంశిక క్రమమే ఇది. ఇంట్లో సొంత లెక్కతో నిద్రమాత్రలు ఇవ్వడం గాని, కల్తీ కల్లును కొలిచి పోయడం గాని చేయరాదు. అందులో ఏ మందు ఎంత ఉన్నదో ఎవరికీ తెలియదు. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్యానికి 14416, పొగాకు మానడానికి 1800112356 అనే ఉచిత నెంబర్లకు ఫోన్ చేయవచ్చు.

ఇంటివారి పాత్ర

దీక్ష 41 రోజులు నిలవడానికి సగం కారణం ఇల్లాలు. నాలుగింటికే లేచి వండినది ఆమె, ఇంట్లో పరుష వాక్యం రాకుండా చూసినది ఆమె. ఆ సహకారం నలభై రెండవ రోజున ఆగిపోరాదు. మాల తీసినా వేకువ స్నానం ఉండనివ్వండి. సాయంత్రం కల్లు దుకాణం వేళకు ఇంట్లో ఒక పని, ఒక ఫలహారం సిద్ధంగా ఉండనివ్వండి. మక్క గుడాలు, ఉడికించిన పల్లీలు చాలు. ఆకలితో ఉన్నవాని ధృతి త్వరగా సడలుతుంది. పాత స్నేహితులను శత్రువులుగా చూడనక్కరలేదు. వారిని కల్లు దుకాణం దగ్గర కాక ఇంటి అరుగు మీద కలుసుకొంటే చాలును.

ఇదే నియమం చేతిలోని ఫోనుకు కూడా వర్తిస్తుంది. పడక పక్కన ఉన్న ఫోను జేబులో ఉన్న బీడీకట్ట వంటిది. రాత్రి భోజనం కాగానే దానిని ముందు గదిలో ఉంచి రావడం ఇంటి పెద్దలు మొదలుపెడితే పిల్లలకు వేరే ఉపదేశం అవసరం ఉండదు.

ఒకవేళ నడుమ ఒకసారి జారితే ఎత్తిపొడవకండి. "నీ వల్ల కాదు" అన్న మాట మిగిలిన ధృతిని కూడా విరుస్తుంది. ఏ మెట్టు దగ్గర జారారో ఆ మెట్టు నుండే మళ్లీ మొదలుపెట్టించండి.

గుర్తుంచుకోవలసినవి

1. ముందుగా లోపం ఏదో తెలుసుకోండి: తెలియకనా, నిలవలేకనా, మరచిపోయా?
2. విడిచిన ప్రతి పాదానికి బదులు ఒక మంచి పాదాన్ని చేర్చండి.
3. చాయ్, చక్కెర వంటివి క్రమంగా విడవండి. పొగాకు క్రమంగానైనా, ఒకేసారిగానైనా విడవవచ్చు. రోజువారీ కల్లు, మద్యం, నిద్రమాత్రలు వైద్యుని పర్యవేక్షణలోనే విడవండి.
4. వేళను, చోటును, తోడును కూడా మార్చండి.

దీక్ష పూనినవారు మాల తీసే రోజు కొరకు లెక్క పెట్టుకొంటారు. ఈసారి ఆ మరునాటి కొరకు కూడా ఏర్పాటు చేసుకోండి. ఆ ఉదయం బీడీ వేళకు ఏమి చేస్తారో, సాయంత్రం కాళ్లు ఎటు నడవాలో ముందే నిర్ణయించుకొన్నవారికి నలభై రెండవ రోజు ఆరోగ్యంలో మొదటి రోజు అవుతుంది.