వీపుమీద కన్నున్న రొయ్య

రొయ్య తలకు రెండు ప్రక్కలా, చిన్న కాడల చివర, మిరియపు గింజల్లాంటి నల్లని కళ్ళు మీరు చూసే వుంటారు. అలాంటి కళ్ళు లేని రొయ్య ఒకటి అట్లాంటిక్ మహాసముద్రం అడుగున వుంది. పేరు రిమికారిస్ ఎక్సోక్యులేటా. ఈ పేరులో రెండో మాటకు 'కళ్ళు పోయినది' అని అర్థం. విలియమ్స్, రోనా అనే శాస్త్రజ్ఞులు 1986లో ఈ పేరు పెట్టారు. అది తొందరపాటని మూడేళ్ళకే తేలింది!

ముందు అది వుండే చోటు చూద్దాం. మహాసముద్రం నడుమ, నీటి అడుగున, పెద్ద పర్వతశ్రేణి వుంది. దానిమీద 'టాగ్' అనే ప్రదేశం సుమారు 3,600 మీటర్ల లోతున వుంది. సూర్యరశ్మి అక్కడికి చేరదు. నేల పగుళ్ళలోకి దిగిన సముద్రజలం లోపలి వేడి రాళ్ళను తాకి, దాదాపు 360 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో పైకి చిమ్ముతుంది. అంత వేడికి నీరు మరగదా? మరగదు. పైనున్న నీటి బరువు దానిని మరగనివ్వదు. అందులో కరిగివున్న లోహాలు చల్లని నీరు తగలగానే గంధకంతో కూడి నల్లని పొడిగా విడిపోతాయి. చూడటానికి పొగ చిమ్మే ఇటుకబట్టీ గొట్టంలాగే వుంటుంది.

ఈ గొట్టాల గోడలను పట్టుకొని అయిదారు సెంటీమీటర్ల రొయ్యలు చదరపు మీటరుకు వేల సంఖ్యలో ముసురుకొని వుంటాయి. అవి వుండే చోట నీరు గోరువెచ్చన. కాస్త ప్రక్కకు జరిగితే ఉడికిపోవడమే. మరి అక్కడే ఎందుకుండాలి? తిండి కోసం. ఆ నీటిలోని హైడ్రోజన్ సల్ఫైడు వంటి పదార్థాలనుంచి శక్తి తీసుకొనే బాక్టీరియా రొయ్య నోటిభాగాలమీద, మొప్పల గదిలో పెరుగుతాయి. రొయ్యకు ఆహారం వాటివల్లనే. అందుకని గొట్టానికి దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు.

1989లో సిండీ వాన్ డోవర్, ఆమె సహచరులు ఈ రొయ్య వీపుమీద, పారదర్శకమైన పెంకు క్రింద, మెరిసే పట్టీల జత ఒకటి వున్నదనీ, దానినుంచి నరాలు మెదడుకు పోతున్నాయనీ వెల్లడించారు. మన కంటిలో వెలుగును పట్టే రొడాప్సిన్ వంటి పదార్థం ఆ పట్టీలలో పుష్కలంగా వుంది. కటకం లేదు కనుక బొమ్మ ఏర్పడదు. మసక వెలుగును గుర్తించగలదు, అంతే.

కటిక చీకటిలో వెలుగెక్కడిది? కొలిమిలో కాగిన ఇనుము ఎర్రగా వెలగడం మీకు తెలుసు కదా. 1988లో పసిఫిక్ సముద్రంలో ఇలాంటి గొట్టం దగ్గర దీపాలార్పి, సున్నితమైన కెమెరాతో ఫొటో తీశారు. మన కంటికి ఆనని కాంతి ఒకటి గొట్టం నోటివద్ద నమోదయింది. రొయ్య దానినే గుర్తించి సలసలకాగే నీటిని తప్పించుకొంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఊహ సబబుగానే వుంది. రొయ్యను అడిగి చెప్పించినవారు మాత్రం లేరు!

అంత సన్నని వెలుగుకు అలవాటుపడిన కన్ను పెద్ద దీపాలకు తట్టుకుంటుందా? ఈ రొయ్యలను చూడబోయిన జలాంతర్గాములు దీపాలు వేసుకొనే వెళ్ళాయి మరి. బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఈ కంటిని పరీక్షించి, ఆ వెలుగువల్ల అందులోని కాంతిగ్రాహక పొర తిరిగి బాగుపడనంతగా దెబ్బతిన్నదని 1999లో ప్రకటించారు.