బ్యాకప్ లాగ్ ఎక్కడ పెట్టాలి? డిస్క్ ఎప్పుడు తీయాలి?

ప్రశ్న: మాది చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ. రాత్రి పదికి విండోస్‌లోని రోబోకాపీ కమాండ్‌తో ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్లేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాం. కొన్నిసార్లు తెల్లారి వచ్చి చూసినా ఇంకా నడుస్తూనే ఉంటోంది. లాగ్ పెడితే కారణం తెలుస్తుందా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: తెలుస్తుందండీ. బహుశా ఎవరో ఔట్‌లుక్ మూయకుండా ఇంటికి వెళ్లి ఉంటారు. తెరిచి ఉన్న మెయిల్ ఫైలు కాపీ కాదు, లాగ్‌లో ‘ఎర్రర్ 32’ అని పడుతుంది. అలాంటప్పుడు రోబోకాపీ 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. మనం మార్చకపోతే అలా 10 లక్షల సార్లు! లెక్క వేస్తే ఒక్క ఫైలు కోసం దాదాపు 347 రోజులు. అందుకే కమాండ్‌లో స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 అని తప్పకుండా పెట్టండి. రెండుసార్లు చూసి ముందుకు వెళ్లిపోతుంది.

లాగ్ స్విచ్‌లో ప్లస్ గుర్తు మరవకండి. అది లేకపోతే ఈ రాత్రి లాగ్ నిన్నటిదాన్ని చెరిపేస్తుంది. తెలుగు పేర్లున్న ఫైళ్లుంటే లాగ్ బదులు యూనిలాగ్ వాడండి, అక్షరాలు చెడవు. లాగ్‌ను మాత్రం బ్యాకప్ డిస్క్‌లో పెట్టొద్దు. డిస్క్ తగిలించని రోజున ఆ సంగతి చెప్పాల్సిన లాగే పుట్టదు. రోజూ మొత్తం చదవక్కర్లేదు, చివరి పట్టికలో ‘ఫెయిల్డ్’ కింద సున్నా ఉందో లేదో చూడండి. షెడ్యూలర్‌లో ఫలితం 1 అని కనిపిస్తే కంగారు పడకండి, ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, ఆపైన వస్తేనే ఏదో మిగిలిపోయినట్టు.

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాను. బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. చోటు చాలక ‘పాతదానిపై రాయి’ అన్న ఆప్షన్ ఎంచుకున్నాను. ఫరవాలేదా?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: రెండూ మార్చుకోవాలి. పాతదానిపై రాస్తుండగా కరెంటు పోతే పాత బ్యాకప్ ఉండదు, కొత్తదీ పూర్తికాదు. ఒకరి పెళ్లి ఫొటోలు మళ్లీ తీయలేం కదా! ఇంకో డిస్క్ కొని, వారం విడిచి వారం మార్చండి. ఒకటి ఇంట్లో ఉంచండి.

డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచడమూ ప్రమాదమే. 2017 మేలో వచ్చిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్, తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకూ తాళం వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దానికి చిక్కాయి. వీమ్ ఏజెంట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో బ్యాకప్ అవగానే డిస్క్‌ను ఎజెక్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేసి, పొద్దున కేబుల్ తీసేయండి.

ప్రశ్న: డిస్క్ ఒకరోజు ఈ డ్రైవ్, మరోరోజు ఎఫ్ డ్రైవ్ అవుతోంది. బ్యాకప్ ఆగిపోతోంది.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డిస్క్‌లోని పార్టిషన్‌పై రైట్ క్లిక్ చేసి, ఆర్ లేదా ఎస్ లాంటి చివరి వైపు అక్షరం ఇవ్వండి. ఆ తర్వాత బ్యాకప్ గమ్యాన్నీ ఆ అక్షరానికే మార్చండి.