ఏ ఊరమ్మా మనది?

చదువుకో ఉద్యోగానికో కోనసీమ నుంచి, భీమవరం నుంచి హైదరాబాద్ వచ్చిన అమ్మాయిలు నా దగ్గర కూర్చుంటే పది నిమిషాల్లో ఈ మాట రానే వస్తుంది: "ఇక్కడివాళ్లకి కొత్తవాళ్లంటే అస్సలు పట్టదక్కా. నవ్వుతూ పలకరించినా పొడిపొడిగా జవాబిస్తారు." కరీంనగర్, పాలమూరు పిల్లలైతే, "మీ దిక్కోళ్లు ముంగట మస్తు మంచిగ మాట్లాడతరక్కా, లోపల ఏముంటదో తెల్వది" అంటారు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఎవరి మాటా తీసిపారెయ్యను. కానీ చెల్లెళ్లూ, పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఈ లక్డీకాపూల్‌లోనే ఉన్నదాన్ని. నాకు తోచింది చెబుతాను, వినండి.

మా గోదావరి వైపు సంగతి ముందు. వీధిలోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు ఊరుకోరు. "ఎవరింటికండీ?" అంటారు. దారి చెప్పి వదిలెయ్యరు, కూడా వచ్చి గుమ్మంలో అప్పజెప్పి మరీ వెళతారు. ఎండన పడి వచ్చారంటూ మజ్జిగ అందుతుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఏరు దాటి వచ్చిన బాటసారికి వేళ కాని వేళలో కూడా పొయ్యి వెలిగించి వడ్డించారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆ మర్యాద మాకు తరాల నుంచి వచ్చింది, అది నటన అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

అయితే ఆ మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోగా వచ్చే ప్రశ్నలు కూడా నాకు తెలుసు. ఏ ఊరు? ఎవరి తాలూకు? ఇంటిపేరు? ఆ మూడోది దేనికోసమో మనందరికీ తెలుసు. జవాబును బట్టి గ్లాసు మారిపోయే ఇళ్లు ఉండేవి. ఇప్పుడు ఎక్కడా లేవని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. తెలంగాణ పల్లెలైనా అంతే, ఊరు చిన్నదైనకొద్దీ కొత్త మనిషి కూపీ పూర్తిగా లాగితే తప్ప నిద్ర పట్టదు.

ఇప్పుడు అబిడ్స్‌లోనో నాంపల్లిలోనో ఇరానీ హోటల్‌కి వెళ్లండి. మీ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. పలకరించరు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు తెప్పించుకుంటారు, బిస్కట్ ముంచుకుని తింటారు, డబ్బులిచ్చి వెళ్లిపోతారు. ఎదురుగా కూర్చున్నది ఏ మతమో, ఏ జిల్లానో అడగనే అడగరు. మొదట్లో ఇది ముభావంగానే అనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో పెద్ద మర్యాద కనిపిస్తుంది. సొంతూళ్లో అడుగు తీసి అడుగు వేస్తే ఆరా తీసే కళ్ల మధ్య పెరిగిన ఆడపిల్లకి, ఎవరూ ఏమీ అడగని ఒక కుర్చీ ఎంత హాయో మీకు చెప్పక్కర్లేదు.

మాట పొడిగా ఉంటే మనసు కూడా పొడే అనుకునేవాళ్లని నేను రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆస్పత్రి దగ్గరికి తీసుకెళతాను. 1953 నుంచి పసిపిల్లలతో జిల్లాల తల్లులంతా అక్కడికే వస్తారు. తల్లి లోపల ఉంటే, బయట పేవ్‌మెంట్ మీద అమ్మమ్మలూ నాయనమ్మలూ. ఒక సాయంత్రం అక్కడ చూసిన సంగతి ఇది. నారాయణపేట నుంచి వచ్చిన ముసలమ్మ ప్లాస్టిక్ పట్టా పరుచుకుని కూర్చుంది. పక్కన బురఖా వేసుకున్న తల్లి, చంటిదాని తడిబట్టలు ఇనప కడ్డీలకి ఆరేస్తోంది. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. లోపలి నుంచి పిలుపు రాగానే ఆవిడ పెద్ద పిల్లాణ్ణి ఈ ముసలమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, "జర దేఖో అమ్మా" అంటూ పరుగెత్తింది. ముసలమ్మ ఆవిడ పేరైనా అడగలేదు. సంచిలోంచి జొన్నరొట్టె తీసి, అంటుకున్న కారప్పొడి కొంగుతో తుడిచి, ముక్క తుంచి వాడి నోట్లో పెట్టింది. వాడు ఉమ్మేశాడు. ఇంకో ముక్క మెత్తగా నలిపి పెట్టింది. ఈసారి తిన్నాడు. తల్లి తిరిగొచ్చేసరికి చీకటి పడింది. అప్పుడు ముసలమ్మ అడిగింది ఒక్కటే: "పిల్ల ఎట్లుంది?"

ఇలాంటివి కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. రాబర్ట్ లెవీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో అమెరికాలోని 36 నగరాల్లో పరీక్ష పెట్టాడు. తెలియనట్టు పెన్ను జారవిడిస్తే ఎవరు అందిస్తారు, చూపులేని మనిషి రోడ్డు దాటబోతే ఎవరు చెయ్యి పట్టుకుంటారు, అలాంటివన్నీ లెక్క కట్టాడు. అన్నిటికన్నా ముందు నిలిచింది రోచెస్టర్, అట్టడుగున న్యూయార్క్. రెండూ ఒకే రాష్ట్రంలోవి! ఇరుకు పెరిగేకొద్దీ సాయం తగ్గుతుందని ఆయనకి తేలింది. కానీ తర్వాత 23 దేశాల్లో ఇదే చేస్తే, మనుషులు కిక్కిరిసిన మన కలకత్తా మొదటి నాలుగైదు స్థానాల్లోకి వచ్చింది. కాబట్టి జనసమ్మర్దం మీదే నెట్టెయ్యలేం. కొత్తవాళ్లని రానిచ్చి అలవాటైన ఊరి సంగతి వేరు, ఆ వచ్చినవాళ్లు తనతో ఎలా మెలిగారన్నదీ ఆ ఊరు మరిచిపోదు.

మన దగ్గర ఆ సంగతి మరీ సున్నితం. 1952లోనే ఇక్కడ ముల్కీ ఉద్యమం నడిచింది. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకి పోతున్నాయన్నది బాధ. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబర్ 1న ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిశాయి. రాసుకున్న మాట నిలబడలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది, ఆఖరికి 2014 జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రమైంది. పైగా సినిమాల్లో ఏళ్ల తరబడి రౌడీకీ హాస్యగాడికీ తెలంగాణ యాసే పెట్టి నవ్వించారు. వచ్చినవాళ్లు కుర్చీ ఎక్కి, ఇంటివాళ్ల మాటని వెక్కిరిస్తే ఇంటివాళ్ల మొహంలో నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? మా వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇది తెలుసుకోవాలి. కండక్టరు "నువ్వు" అన్నాడని ఒకమ్మాయి నొచ్చుకుంది. ఇక్కడ సొంత మేనత్తని కూడా నువ్వనే పిలుస్తారమ్మా, ఆ పిలుపులో చనువే తప్ప చులకన లేదు.

నాకు ఒళ్లు మండేది వేరే చోట. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే, అద్దె చెప్పకముందే "మీరేమిట్లు?" అని తియ్యగా కులం అడుగుతారు చూడండి, అక్కడ. ఈ ప్రశ్న రెండు రాష్ట్రాల యజమానుల నోటా విన్నాను. అండీ అని అడిగినా, అమ్మా అని అడిగినా నాకు అది తలుపు మూసిన చప్పుడే. మీకు ఇల్లు దొరికి, పక్క వాటా ఖాళీ అయిన రోజున, కొత్తగా వచ్చేవాళ్లని ఆ మాట అడగనివ్వకండి. యజమాని అడగబోతే మీరు అడ్డుపడండి.

మొన్న బస్సులో జరిగింది చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకి జీరో టికెట్ కదా, కార్డు మీద మాత్రం ఇక్కడి చిరునామా ఉండాలి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైనదీ అక్కడి ఆడవాళ్లకే. లక్డీకాపూల్ స్టాప్‌లో ఎక్కిన ఒక అమ్మాయి కార్డు చూపించింది. భీమవరం చిరునామా.

"ఇది చెల్లదమ్మా, టికెట్ తీస్కో" అన్నాడు కండక్టరు.

పక్క సీటు పెద్దమ్మ ఊరుకోలేదు. "నాకు జీరో గొట్టినవ్ గద, ఈ పిల్లకు గూడ గొట్టు."

"ఆంధ్ర కార్డు పెద్దమ్మా, నా చేతుల లేదు."

"కార్డు ఆంధ్రదైతేంది, పిల్ల మన బస్సులనే ఉన్నది గద!"

అమ్మాయి నవ్వుతూ డబ్బులిచ్చేసింది. పెద్దమ్మ మాత్రం తన సంచి ఒళ్లోకి తీసుకుని, ఇంకాస్త జరిగి చోటిచ్చింది. "ఏ ఊరు బిడ్డా? గంత దూరంకెళ్లి ఒక్కదానివే వచ్చినవా? తిన్నవా మరి?" దిగేదాకా ఇద్దరూ ఆపలేదు. ఇంటిపేరు ప్రస్తావనే రాలేదు.

ఈ ఉచిత బస్సు ఇంకేం చేసిందో లెక్కలు కట్టేవాళ్లు కడతారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆడవాళ్లని ఒకే సీటు మీద కూర్చోబెట్టిందని నేను రోజూ చూస్తున్నాను.

జనవరి 1న నుమాయిష్ మొదలవుతుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ఈ సంతకి ఇప్పటికీ కశ్మీర్ శాలువాలవాళ్లు, లక్నో చికన్ పనివాళ్లు ఏటా వస్తారు. ఒకే గదిలో ఉంటూ పొడిపొడిగా మాట్లాడుకునే భీమవరం పిల్లా, కరీంనగర్ పిల్లా, మీరిద్దరూ అది మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం నాతో రండి. శాలువా బేరం కరీంనగర్ పిల్లదే, తనకి ఉర్దూ వచ్చు. మిర్చి బజ్జీలు నేను కొంటాను. సాయంత్రం ఆరు గంటలకి గాంధీభవన్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను.